పిల్లలు పెట్టిన టిక్కుల్లో నిజమెంత?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో ఒక పీయూ (ఇంటర్) కాలేజీలో బయాలజీ చెబుతున్నాను. పిల్లలు ఎలా చదువుతున్నారో తెలుసుకుందామని 40 వాక్యాల ప్రశ్నావళి తయారుచేసి, 1 నుంచి 5 దాకా స్కేలుతో (5 అంటే పూర్తిగా ఒప్పుకున్నట్టు) 120 మందికి ఇచ్చాను. దాదాపు అందరూ 4, 5 పెట్టేశారు. వాక్యాల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే లెక్క, ఆల్ఫా, 0.88 వచ్చింది. మిడ్‌టర్మ్ మార్కులతో మాత్రం పొంతన లేదు. లోపం ఎక్కడ? – ఒక లెక్చరర్

జవాబు: ముందు ఆల్ఫా సంగతి. వాక్యాలన్నిటికీ పిల్లలు ఒకే తీరుగా జవాబిచ్చారని మాత్రమే అది చెబుతుంది, నిజం చెప్పారని కాదు. పైగా వాక్యాలు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. 40 వాక్యాలనూ ఒకే గుత్తిగా లెక్కగట్టకండి. ప్లాన్ వేసుకోవడం, మళ్ళీ చదవడం, తమను తాము పరీక్షించుకోవడం, ఇలా దేనికది విడిగా చూడండి.

మీరు పంపిన కాగితంలో అసలు చిక్కు వాక్యాల్లోనే ఉంది. ‘నేను క్రమం తప్పకుండా చదువుతాను’ అంటే, లెక్చరర్ చేతికి వెళ్ళే కాగితంలో కాదనేదెవరు? దాని బదులు ఇలా అడగండి: ‘గత 7 రోజుల్లో బయాలజీ పుస్తకం మూసేసి, చదివింది గుర్తున్నంతవరకు ఎన్నిసార్లు రాసి చూసుకున్నావు?’ గడులు నాలుగు చాలు: ఒక్కసారీ లేదు, 1–2, 3–5, అంతకన్నా ఎక్కువ. ‘నోట్సు రాసుకుని మళ్ళీ చదువుతాను’ అన్నది రెండు పనులు కలిపిన వాక్యం, విడగొట్టండి.

తలకిందులు వాక్యాలు కొన్ని ఉండాలి: ‘పరీక్ష ముందు రోజే పుస్తకం తెరుస్తాను’ లాంటివి. వీటికి స్కోరు వేసేటప్పుడు, పిల్లలు పెట్టిన అంకెను 6లోంచి తీసెయ్యాలి: 5 పెడితే 1 అన్నమాట. చాలామంది మరిచిపోయేది ఇదే. వీటికీ, మామూలు వాక్యాలకూ కూడా 5 పెట్టినవాళ్ళు చదవకుండా టిక్కులు కొట్టినట్టే, ఆ కాగితాలు పక్కన పెట్టండి. అయితే ‘రాయను’, ‘చదవను’ అని వ్యతిరేకార్థంలో అడక్కండి. ‘నోట్సు రాయవా?’ అంటే మన పిల్లలు ‘ఊఁ’ అంటారు. రాస్తానని ఆ ఊఁ, రాయనని ఆ ఊఁ?

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, క్లాసులో ఇంగ్లీషు కాబట్టి ఇంకో తంటా ఉంది. ‘రివిజన్’ అంటే ఒకరికి మళ్ళీ చదవడం, ఇంకొకరికి పాత పేపర్లు చేయడం. అందరికీ పంచేముందు ఐదారుగురిని విడివిడిగా కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం చదివించి, ఏమర్థమైందో వాళ్ళ మాటల్లో చెప్పించుకోండి. తడబడ్డ వాక్యాలు మార్చండి. పేరు బదులు కోడ్ పెట్టి, కోడ్‌ల పట్టీని ఆ క్లాసుకు పాఠం చెప్పని మరో లెక్చరర్ దగ్గర ఉంచండి. ఇంటర్నల్స్ మార్కులు చెప్పిన రోజు మాత్రం ఇవ్వొద్దు.

ఇన్ని చేసినా మార్కులతో అచ్చంగా సరిపోతుందనుకోకండి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పింట్రిచ్ బృందం తయారుచేసిన, 1991లో మాన్యువల్ వెలువడిన ఎంఎస్‌ఎల్‌క్యూ (చదువుపై ఆసక్తినీ, చదివే పద్ధతులనూ అడిగేది) బాగా వాడుకలో ఉన్న ప్రశ్నావళి. 81 వాక్యాలు, 7 గడుల స్కేలు. దాని స్కోర్లకూ కోర్సు మార్కులకూ ఉన్న సంబంధమే ఓ మోస్తరు.

పిల్లలు అబద్ధమాడుతున్నారనీ కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక గుంపు పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. మరో గుంపు ఒక విడత చదివి, మూడుసార్లు చూడకుండా రాసింది. ఐదు నిమిషాలకు గుర్తున్నది మొదటివారికి 83 శాతం, రెండోవారికి 71. వారం తర్వాత 40, 61. వారం తర్వాత బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది మాత్రం చదివిన గుంపే! అందుకే ప్రశ్నావళికి తోడుగా ఒక 20 మంది చేత 7 రోజులు రోజూ రాత్రి రెండు నిమిషాల డైరీ రాయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఏ వాక్యాల దగ్గర వస్తుందో, వాటిని ముందు దిద్దుకోండి.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. స్కూల్లో ఓ ప్రశ్నల కాగితం నింపించి, ‘చూసి నేర్చుకునే రకం’ అన్నారు. వీడియో కోర్సు కొనమంటారా? – ఒక తండ్రి, కె.ఆర్. పురం

జవాబు: అక్కర్లేదండి. పాపకు ఏది ఇష్టమో ఆ కాగితం చెప్పింది, అంతే. మనస్తత్వ శాస్త్రవేత్త పాష్లర్ తదితరులు 2008లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పరిశీలించి, రకానికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ వస్తుందనడానికి తగిన ఆధారాలు లేవన్నారు. గుండె బొమ్మ ఏ పిల్లకైనా చూసే నేర్చుకోవాలి. చూశాక పుస్తకం మూసి గీయమనండి, భాగాల పేర్లు రాయమనండి. ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మళ్ళీ చదివించండి.