కారు మోసే ట్రైలర్ కడతానన్న అల్లుడికి

అల్లుడూ,

ఆగిపోయిన కార్లను జడ్చర్ల షెడ్డుకు తెచ్చుకోవడానికి ట్రైలర్ నువ్వే కట్టుకుంటానంటే నేను వద్దనను. నీ వెల్డింగ్ మీద నాకు నమ్మకం ఉంది. కానీ ఇనుము కొనకముందే బొమ్మ గీసి, అది పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకు పో. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కించొద్దు. షెడ్డులో కట్టిన దానికి అనుమతి కుదరదని వాళ్లంటే, మొండికి పోకుండా కాగితాలున్న ట్రైలరే కొనుక్కో.

కుదురుతుందంటే ముందు బరువు లెక్క వెయ్యి. చిన్న కారు టన్నుకు అటూ ఇటూ ఉంటుంది. కానీ ఏదో ఒక రోజు తెలిసినవాళ్లు బొలెరో తెమ్మంటారు, అది ఒకటిన్నర టన్ను పైనే. పదహారు అడుగుల ట్రైలరే ఆరేడు వందల కిలోలు తూగొచ్చు. ఈ మొత్తాన్ని లాగే స్తోమత నీ బండికి ఉందో లేదో దాని కంపెనీ పుస్తకంలో చూడు, డ్రైవర్ల మాట వినకు. ఇరుసులు రెండు పెట్టు. పాత సామాను దుకాణంలో దొరికింది కదా అని ఎంత బరువు మోస్తుందో తెలియని ఇరుసు వాడకు.

ఇక అసలు సంగతి ఆ ఇరుసులు ఎక్కడ పెట్టాలన్నదే. చట్రానికి వాడే ఇనుప ఛానల్ మందం గురించి ఫోన్లో గంటసేపు అడిగావు కానీ దీని గురించి ఒక్కమాట అడగలేదు. ఎడ్లబండిలో వెనక బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద నుంచి లేస్తుంది చూడు, ఇదీ అంతే. వెనక బరువు ఎక్కువైతే ట్రైలర్ బండి వెనక భాగాన్ని పైకి లేపుతుంది. నలభై నాలుగో నంబరు హైవే మీద స్పీడు అందుకోగానే తోక ఆడించడం మొదలుపెడుతుంది. ఒకసారి ఊగడం మొదలైతే బండినీ ఈడ్చుకుపోతుంది. కారుతో కలిపి ట్రైలర్ మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్లు కప్లింగ్ మీద, అంటే ట్రైలర్‌ను బండికి తగిలించే చోట పడాలి. 1,600 కిలోలైతే 160 నుంచి 240 అన్నమాట. అంతకు మించితే బండి వెనక కూర్చుండిపోయి, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది.

కాబట్టి ఇరుసుల మధ్య గీత డెక్కు సగానికి కొంచెం వెనక వచ్చేలా పెట్టుకో. కమాన్ కట్టల బ్రాకెట్లకు ముందు ట్యాకులే, అంటే తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న చుక్క వెల్డులే వెయ్యి. కప్లింగ్ నుంచి ఇరుసు రెండు కొసలకూ దూరం సమానంగా ఉండాలి, తేడా ఉంటే ట్రైలర్ అడ్డంగా నడిచి టైర్లు అరిగిపోతాయి. తర్వాత నీ షెడ్డులో ఉన్న కారు ఎక్కించి, మార్కెట్ దగ్గర ఏదైనా ధర్మకాంటకు తీసుకుపోవాలి. కానీ ట్యాకుల మీద రోడ్డెక్కకూడదు, అందుకని కొలతలు సరిచూసి బ్రాకెట్లు పూర్తిగా వెల్డ్ చేశాకే బయటికి తియ్యి. కాంట దగ్గర ట్రైలర్ విప్పి, ముందు జాకీ ఒక్కటే కాంట మీద ఉండేలా నిలిపితే కప్లింగ్ బరువు తేలిపోతుంది. కారును ముందుకో వెనక్కో జరిపి లెక్క కుదిరిన చోట సుద్దతో గుర్తు పెట్టుకో. ముందు చక్రాల అడ్డు అక్కడే రావాలి. నానోకు ఇంజను వెనకుంటుంది, దాన్ని రివర్సులో ఎక్కించు.

వెల్డింగ్ గురించి నీకు నేను చెప్పేదేం లేదు, ఒక్కటి తప్ప. ట్రైలర్ ముందుండే ‘A’ ఆకారపు మెడ దగ్గర ఛానల్ అంచు మీద అడ్డంగా కుట్టు వెయ్యకు, పొడవునే వెయ్యి. లాగుడంతా పడేది అక్కడే, పగులు మొదలయ్యేదీ అక్కడే.

కారు ర్యాంపు ఎక్కేటప్పుడు బరువంతా వెనక అంచు మీద పడి ముందు లేస్తుంది. రెండు వెనక మూలల కింద స్టాండ్లు పెట్టకుండా ఎక్కించొద్దు. చేతి వించ్‌తో లాగుతుంటే తాడు దారిలో ఎవరూ నిలబడొద్దు, పిల్లల్ని అసలు రానివ్వకు. బెల్టులు నాలుగు చక్రాలకూ వెయ్యి. బంపర్‌కు, బాడీకి కడితే కారు స్ప్రింగుల మీద ఎగిరినప్పుడల్లా పట్టు వదులవుతుంది. హ్యాండ్ బ్రేక్ ఒక్కదాన్నే నమ్మకు.

బ్రేకుల దగ్గర డబ్బులు మిగుల్చుకోవద్దు, ఇది నా గట్టి మాట. ఇంత బరువున్న ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలి. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు ఘాట్ దిగేటప్పుడు వెనక నుంచి రెండు టన్నులు తోస్తుంటే బండి బ్రేకులు ఎంతసేపు ఆగుతాయి? అలాంటి చోట కిందికి దిగకముందే చిన్న గేరులో పడాలి. కప్లింగ్ ఊడినా ట్రైలర్ విడిపోకుండా రెండు గొలుసులు కత్తెరలా వెయ్యి. వెనక లైట్లు, ఇండికేటర్లు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు సరే సరి, రాత్రి హైవే సంగతి నీకు తెలుసు.

ఎప్పుడైనా ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు తొక్కకు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకు. యాక్సిలరేటర్ వదిలేసి నిటారుగా పట్టుకో, నెమ్మదిస్తుంది.

మొదటిసారి లోడుతో కొంతదూరం పోయాక ఆపి, చక్రాల బోల్టులు మళ్లీ బిగించు. నాలుగు హబ్‌ల దగ్గరికీ చెయ్యి తీసుకుపోయి చూడు, ఏదైనా మిగతా వాటికన్నా కాలుతుంటే అక్కడ బేరింగ్ బిగువుగా ఉన్నట్టో, బ్రేకు పట్టేసినట్టో. బొమ్మ గీయగానే ఫోటో తీసి నాకు పంపు, ఇరుసుల కొలతలు మనిద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామ, నల్లగొండ