బ్రెజిల్‌లో డచ్ వాళ్ల ఊరు ఉందంటారు, అదెలా వచ్చింది?

ఉంది, పేరు హొలాంబ్రా. సావో పాలో రాష్ట్రంలో ఉంటుంది. హాలండ్, అమెరికా, బ్రెజిల్ పేర్ల ముక్కలు కలిపి పెట్టుకున్న పేరది.

రెండో ప్రపంచ యుద్ధం నెదర్లాండ్స్‌ను కుదేలు చేసింది. రైతు కుటుంబాల్లో పిల్లలందరికీ పంచడానికి భూమి చాలలేదు. దాంతో 1948లో కొందరు క్యాథలిక్ రైతులు సముద్రం దాటి వచ్చి, ఇక్కడ సహకార సంఘం పెట్టుకుని సేద్యం మొదలుపెట్టారు.

వాళ్ల తొలి రోజుల గురించి తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ఓడల్లో తెచ్చుకున్న పాడి ఆవులు ఉష్ణమండల రోగాలకు తాళలేక చాలావరకు చనిపోయాయి. పాడినే నమ్ముకుని వచ్చినవాళ్లకు అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? కొందరు వేరే చోట్లకు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు రకరకాల పంటలు వేసి చూశారు. చివరికి గ్లాడియోలస్ పూలసాగు వాళ్లను నిలబెట్టింది.

ఇవాళ బ్రెజిల్ పూల వ్యాపారంలో పెద్ద వాటా ఈ ఊరి వేలం కేంద్రానిదే. ఆ వేలం కూడా అచ్చం డచ్ పద్ధతే: మన వేలంపాటలా ధర పెరుగుతూ పోదు. గడియారం మీద పైనుంచి కిందికి దిగుతుంది, ముందు బటన్ నొక్కినవాళ్లకే సరుకు. 1981 నుంచి ఎక్స్‌పోఫ్లోరా అనే పూల పండుగ కూడా జరుపుతున్నారు.