ఆడి తళ్ళుబడికి తొందరపడకండి

తమిళుల ఆడి మాసంలో దుకాణాలవాళ్ళు పెట్టే తగ్గింపు అమ్మకాలే ఆడి తళ్ళుబడి. చెన్నైకి కొత్తగా కాపురం వచ్చిన మనవాళ్ళు జూలైలో తప్పకుండా అడిగే మాట: "ఆడి తళ్ళుబడి మొదలైందట కదా, ఇంటికి కావలసినవన్నీ ఇప్పుడే కొనేయమంటారా?" వద్దంటాను.

మన ఆషాఢంలాగే ఇక్కడ ఆడి మాసంలోనూ పెళ్ళిళ్ళు చేయరు. బేరాలు పడిపోతాయి. ఉన్న సరుకు వదిలించుకుని దీపావళికి కొత్తది దించుకోవాలని దుకాణాలవాళ్ళు ధర తగ్గిస్తారు. అవసరం వాళ్ళది. దాన్ని మనం నెత్తిన వేసుకోవడం ఎందుకు? దీపావళికి మళ్ళీ తగ్గిస్తారు, పొంగల్‌కి మళ్ళీ.

మాంబళం స్టేషను దిగితే పక్కనే టీనగర్ బట్టల బజారు, రంగనాథన్ వీధి. చీరల కుప్ప చూస్తే చెయ్యి ఆగదు, నిజమే. కానీ ఫాల్, పీకో, లైనింగు, జాకెట్టు కుట్టుకూలి లెక్కవేయండి. చాలాసార్లు చీర ధరను మించిపోతాయి. అందుకే అలాంటి చీరలు మడత విప్పకుండా బీరువా అడుగున పడి ఉంటాయి. 11 నెలల అగ్రిమెంటు మీద అద్దెకుండేవాళ్ళకు అవన్నీ మళ్ళీ మూట కట్టి మోయవలసిన బరువు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం పెరుంగుడి. దక్షిణ చెన్నై పారేసిన చెత్తంతా దశాబ్దాలుగా అక్కడే, పళ్ళికరణై చిత్తడి నేల మీదే పోశారు. రాజహంసలు దిగే నేల అది. 2022లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చేది) వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ చెత్తగుట్ట అంటుకుని రోజుల తరబడి పొగ కక్కింది. చవకగా కొని విసిరేసినవన్నీ ఎక్కడికి పోతాయో అక్కడి గాలి పీల్చే వాళ్ళకు తెలుసు. పాతవి భోగిమంటలో వేస్తే సరిపోతుందనుకోకండి, 2018లో భోగి పొగకు ఇక్కడ విమానాలే దిగలేకపోయాయి.

కావాలనిపించినది కాగితం మీద రాసి నెల్లాళ్ళు ఆగండి. మంచం, బల్ల, ఫ్రిజ్ లాంటివి కొత్తవే కావాలని లేదు. ఊరు మారేవాళ్ళు అపార్ట్‌మెంటుల్లో తరచుగా అమ్ముతుంటారు, వాచ్‌మన్‌కి చెప్పి ఉంచండి. గిన్నెలు మాత్రం బరువైన ఎవర్‌సిల్వర్‌వి (స్టీలువి) ఒక్కసారే కొనండి. బజారుకు వెళ్ళేటప్పుడు పసుపు గుడ్డసంచి చేతిలో ఉండాలి. కోయంబేడు మార్కెట్‌లో 10 రూపాయలు వేస్తే సంచి ఇచ్చే యంత్రం కూడా పెట్టారు.

ఊరి నుంచి అత్తగారో అమ్మో వచ్చి టీనగర్ చూపించమంటే కాదనకండి. తిప్పి చూపించి, తిరిగి వచ్చేటప్పుడు తమిళనాడు చేనేత సహకార దుకాణం కో-ఆప్టెక్స్‌లో ఒక్క మంచి కంచి నూలుచీర కొనిపెట్టండి. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది, ఏళ్ళ తరబడి కట్టుకుంటారు.