పుస్తకం ఎప్పుడూ ఇన్‌స్టాల్ చేయమని అడగదు

చలికాలం మొదలైతే చాలు, ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల తీరే మారిపోతుంది. రాత్రుళ్లు పొడుగవుతాయి, చదివేవాళ్లు పెరుగుతారు, 'ఇప్పుడు ఏం చదువుతున్నారు?' అంటూ గ్రూపులు హుషారెక్కుతాయి. వెనకే ఫోన్ల గురించి, ఫైళ్ల గురించి సందేహాలు. ఈసారి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఒకటే ఫిర్యాదు కాబట్టి ముందు అదే చూద్దాం.

సందేహం: మా చదువరుల గ్రూపులో ఒకాయన 'ఈ చలికాలం తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు' అని ఒక ఫైలు పెట్టారు. తెరవబోతే ఇన్‌స్టాల్ చేయమంటోంది. పంపినాయన మాకు బాగా తెలిసినవారే. ఇది ఇ-పుస్తకాలకు వాడే ఈపబ్ లాంటి కొత్త ఫార్మాటా?

కాదు. అది పుస్తకమే కాదు, ఎపికె అనే ఆండ్రాయిడ్ యాప్ ఫైలు. ఈపబ్, ఎపికె అనే పేర్లు వినడానికి దగ్గరగా ఉండటం మోసగాళ్లకు బాగా కలిసొచ్చింది. పైగా రెండూ లోపల జిప్ మూటలే, అంటే చాలా ఫైళ్లను కుదించి ఒకటిగా కట్టినవే. ఈపబ్ మూటలో ఉండేవి పేజీలు, బొమ్మలు, విషయసూచిక. ఎపికె మూటలో ఉండేది ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడిచే ప్రోగ్రామ్. పుస్తకాన్ని ఫోన్ తెరుస్తుంది, యాప్‌ను ఇన్‌స్టాల్ చేస్తుంది. ఈ తేడా గుర్తుంటే మిగతా సాంకేతిక వివరాలు మర్చిపోయినా ఫర్వాలేదు.

ఫైలు పేరులో 'పిడిఎఫ్' అని కనిపించిందని చాలామంది రాశారు. కనిపిస్తుంది. పేరు పొడవుగా పెట్టి, మధ్యలో పిడిఎఫ్ అని రాసి, అసలు తోకైన డాట్ ఎపికె చివర్లో కనపడకుండా చేస్తారు. పొడవాటి పేర్లను చుక్కలు పెట్టి కుదించే యాప్‌లకు ఇందులో వాటా ఉంది. ఫైలు అసలు రకమేమిటో పెద్దక్షరాల్లో చూపించడానికి ఏం అడ్డొచ్చిందో ఆ డిజైన్ చేసినవాళ్లే చెప్పాలి.

నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది తర్వాతి మెట్టు. ఇన్‌స్టాల్ అయ్యాక అది ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి, నోటిఫికేషన్లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. మొదటి రెండింటిలో ఏ ఒక్కటి దక్కినా మీ ఓటీపీలు దాని చేతికి వెళ్లవచ్చు. మూడోది ఇంకా ప్రమాదం. చూపు సరిగా లేనివారికి, చేతులతో ఫోన్ వాడలేనివారికి సాయం కోసం పెట్టిన సదుపాయమది. తెర మీద ఉన్నది చదవడం, మీ బదులు బటన్లు నొక్కడం దానికి వచ్చు. దొంగ యాప్‌కు అది ఇస్తే ఫోన్‌ను మీతోపాటు మరొకరు కూడా వాడుతున్నట్టే లెక్క. ఇలాంటివి కొన్ని తమ ఐకాన్‌ను దాచేస్తాయి. కొన్ని మీ కాంటాక్టులకు తమంతట తామే వెళ్తాయి. అందుకే 'తెలిసినవారే పంపారు' అన్న మాటకు నా దగ్గర విలువ లేదు. ఆ తెలిసినాయన ఫోన్ ఇప్పటికే వేరేవాళ్ల అదుపులో ఉండొచ్చు. గ్రూపులో కాకుండా, ఆయనకు నేరుగా ఫోన్ చేసి అడగండి.

తొందరపడి ఇన్‌స్టాల్ చేసేసినవాళ్లు ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. పాస్‌వర్డ్‌లు మార్చడం కూడా ఇంకో పరికరం మీదే. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద అదనపు అధికారం ఉన్న యాప్‌లు) జాబితాల్లో మీకు తెలియని పేరుంటే ఆ అనుమతి తీసేసి, తర్వాత యాప్‌ను తొలగించండి. పోనని మొండికేస్తే, మీరు పెట్టుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ తెరిచే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి. అప్పటికీ అనుమానం తీరకపోతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సిందే. ఫొటోలు పోతాయని బాధపడేవాళ్లకు బ్యాకప్ గురించి ఈ శీర్షికలో ఇంకోసారి చెప్పే ఓపిక నాకు లేదు.

ఐఫోన్ ఉందని ధీమా పడేవాళ్లకూ ఒక మాట. మీకు ఎపికె పనిచేయదు కాబట్టి లింకు వస్తుంది. 'చదవాలంటే మీ మెయిల్‌తో లాగిన్ కండి' అనే నకిలీ పేజీ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలు, ఆ పాస్‌వర్డ్ కూడా అదే మెసేజ్‌లో వస్తే దాన్నీ ముట్టుకోకండి. తాళం వేసిన ఫైలు లోపల ఏముందో స్కానర్లు చూడలేవు. తాళం ఎందుకు వేశారో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అసలు పుస్తకం బాగుందని చెప్పడానికి ఫైలు పంపాల్సిన పనేముంది? పేరు, రచయిత, అనువాదమైతే అనువాదకుల పేరు, ఎందుకు నచ్చిందో రెండు వాక్యాలు చాలు. ఒకే పుస్తకానికి నాలుగైదు ముద్రణలు ఉంటే పుస్తకం గుర్తింపు నంబరైన ఐఎస్‌బీఎన్ కూడా రాయండి. 2007 నుంచి అది 13 అంకెలు. దాంతో వెతికితే సరిగ్గా ఆ ముద్రణే దొరుకుతుంది. ఫైలు దొరికితే చాలనుకునేవాళ్లకు కాపీహక్కు గడువు తీరిన పుస్తకాలు తెలుగు వికీసోర్స్‌లో, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా, చట్టబద్ధంగా ఉన్నాయి.

సందేహం: చదువుతున్న తెలుగు పిడిఎఫ్ నుంచి నచ్చిన పేరా కాపీ చేసి పెడితే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. నా ఫోన్ పాడైందా?

ఫోన్ బాగానే ఉంది. పిడిఎఫ్ తయారు చేసినవాళ్లది తప్పు. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే, మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది. అయినా చాలాకాలం పాత ఫాంట్లతోనే పుస్తకాలు కూర్చారు. వాటిలో తెరమీద కనిపించేది తెలుగు, లోపల దాచినవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు. కాపీ చేస్తే ఆ కోడ్‌లే బయటికొస్తాయి. యూనికోడ్‌తో చేసినవాటిలోనూ కొన్నిసార్లు వత్తులు ఒకచోట, గుణింతాలు ఇంకోచోట పడతాయి. పిడిఎఫ్ దాచుకునేది ప్రధానంగా గీసే ఆకారాలను. ఏ ఆకారం ఏ అక్షరమో చెప్పే పట్టిక సరిగా లేకపోతే ఇదే గతి.

ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, ఫొటోలోంచి అక్షరాలు లాగే ఓసీఆర్ యాప్‌లో పెట్టండి. తెలుగు చదివేవి ఇప్పుడు ఉన్నాయి. పంపేముందు ఒకసారి సరిచూడండి, ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. ఉత్త స్క్రీన్‌షాటే పెట్టి ఊరుకోవడం మాత్రం నాకు నచ్చదు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో చదివే సభ్యులకు ఆ బొమ్మలో ఏముందో తెలియకపోవచ్చు.

సందేహం: చలికి నా ఇ-రీడర్ నెమ్మదించింది. పాత పేజీ నీడలా మిగిలిపోతోంది.

ఆ తెరలో నలుపు, తెలుపు రేణువులు ఒక ద్రవంలో కదులుతుంటాయి. చలికి ద్రవం చిక్కబడి కదలిక మందగిస్తుంది. గది వెచ్చబడితే అదే సర్దుకుంటుంది. అందాకా ప్రతి పేజీకీ పూర్తి రిఫ్రెష్ అయ్యే సెట్టింగ్ పెట్టుకోండి. 0 డిగ్రీల కంటే చల్లగా ఉన్నచోట ఛార్జింగ్ మాత్రం పెట్టకండి, లిథియం బ్యాటరీ లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. హీటర్ మీద పెట్టి వేడి చేయడమూ వద్దు.

సందేహం: పుస్తకాలు చదివే యాప్ అప్‌డేట్ తర్వాత నేను ఏం చదువుతున్నానో నా కాంటాక్టుల్లో ఉన్నవాళ్లందరికీ వెళ్తోంది. మార్జిన్‌లో రాసుకున్న నోట్స్ కూడా. ఎలా ఆపాలి?

ప్రైవసీ సెట్టింగ్స్‌లో 'యాక్టివిటీ' లేదా 'షేరింగ్' అనే చోట ఆపవచ్చు. కాంటాక్టుల అనుమతి ఫోన్ సెట్టింగ్స్‌లోంచే తీసేయండి. నోట్స్‌కు విడిగా ఇంకో మీట ఉంటుంది, అదీ చూడండి. ఇదివరకే అప్‌లోడైన కాంటాక్టులను అకౌంట్ పేజీలోంచి వేరుగా తొలగించాలి.

అడగకుండా ఆన్ చేసి, ఆపే మీటను మూడు మెనూల లోపల దాచే ఈ పద్ధతి పొరపాటు కాదు, కావాలని చేసిందే. మనిషి చదివే పుస్తకం ఆ మనిషి గురించి చాలా చెబుతుంది. విడాకుల చట్టం గురించి, డిప్రెషన్ గురించి, ఉద్యోగం మారడం గురించి చదివేవాళ్లు ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పి ఉండకపోవచ్చు. దాన్ని ఆఫీసు సహోద్యోగి ఫోన్‌లో నోటిఫికేషన్‌గా మోగించే హక్కు ఏ యాప్‌కు ఎవరిచ్చారు?

పనిలో పని, ఈ యాప్‌లు పెట్టే 'ఏడాదికి ఇన్ని పుస్తకాలు' లక్ష్యాల గోల కూడా. డిసెంబర్ వస్తే చాలు, ఇన్ని చదివారు, ఇంకా ఇన్ని మిగిలాయి అని రంగురంగుల కార్డులు. లెక్క కుదరడానికి పల్చటి పుస్తకాలు ఏరుకునేవాళ్లను నేనే చూశాను. సగంలో వదిలేసిన పుస్తకానికి మాత్రం చాలా యాప్‌లలో చోటే ఉండదు, లేదా దాన్ని ఓ మూలకు తోస్తారు. 'అరవయ్యో పేజీలో ఆపేశాను, కారణం ఇదీ' అని చెప్పే నేస్తం సిఫార్సునే నేను ఎక్కువగా నమ్ముతాను. ఆ ముక్కను యాప్ కొలవలేదు కాబట్టి అడగదు.

సందేహం: పుస్తకం లింకు పంపితే నాలుగు వరుసలు వస్తోంది. అంతా అవసరమా?

చాలావరకు కాదు. ప్రశ్నార్థకం గుర్తు తర్వాత ఉండేది తరచుగా ఎవరు పంపారో, ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకునే ట్యాగే. అక్కడి నుంచి చెరిపేసి, లింకు తెరుచుకుంటోందో లేదో చూసి పంపండి. కొన్ని సైట్లలో పుస్తకం నంబరు కూడా ఆ భాగంలోనే ఉంటుంది, అప్పుడు తెరుచుకోదు. అలాంటప్పుడు పుస్తకం పేరు, రచయిత పేరు టైప్ చేయండి. అవతలివాళ్లు వెతుక్కుంటారు.