మంచం పక్కన వైఫై రూటర్: ఏడో వారంలో నేను వేసిన లెక్కలు

ఏడో వారం నడుస్తోందని, నెల తప్పినప్పటి నుంచి రూటర్‌కి రెండు మీటర్ల దూరంలోనే పడుకుంటున్నానని, లోపలి బిడ్డకి ఎంత రేడియేషన్ తగిలిందో ఎలా తెలుస్తుందని అడిగారు. నాకూ సరిగ్గా అప్పుడే ఈ టెన్షన్ పట్టుకుంది. ఒక చిన్న మీటర్ తెప్పించుకుని నోట్‌బుక్‌లో గదిగదికీ రీడింగులు రాసుకున్నాను. తలగడ దగ్గర అంకె ఒక్కసారిగా ఎగిరింది. రూటర్ ఆపేసి చూశాను, మళ్లీ ఎగిరింది. తీరా చూస్తే అది పసిగట్టింది నా నైటీ జేబులోని ఫోన్‌ని!

మీటర్ కన్నా కాగితం మీద లెక్క నయం. రూటర్ 100 మిల్లీవాట్లు పంపుతోందనుకోండి (2.4 గిగాహెర్ట్జ్‌కి యూరప్‌లో పరిమితి అదే). అది నలువైపులా పరుచుకుంటూ రెండు మీటర్ల దూరం వచ్చేసరికి చదరపు మీటరుకి సుమారు 2 మిల్లీవాట్లు మిగులుతుంది. సాధారణ జనానికి ఐక్నిర్ప్ (ఇలాంటి రేడియేషన్‌కి హద్దులు సూచించే అంతర్జాతీయ సంస్థ) పెట్టిన హద్దు 10,000 మిల్లీవాట్లు. అంటే అందులో ఐదు వేలవ వంతు. అదీ మీ చర్మం దగ్గర. ఈ తరంగాల శక్తి కండరంలో రెండు సెంటీమీటర్లు దిగేసరికే చాలావరకు హరించుకుపోతుంది. ఏడో వారంలో గర్భసంచి ఇంకా కటి ఎముకల మధ్యే, లోతుగా ఉంటుంది.

నేను చేసిన ఇంకో తప్పు, ఆ అంకెని గంటలతో, వారాలతో గుణించడం. ఎక్స్‌రే మోతాదులా దీన్ని కూడుకుంటూ పోకూడదు. ఈ హద్దులు పెట్టింది ఒంట్లో పుట్టే వేడిని బట్టి. ఆ కాస్త వేడిని రక్తం ఎప్పటికప్పుడు మోసుకుపోతుంది.

2011లో క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఈ తరంగాలని 2బి జాబితాలో (క్యాన్సర్ తెప్పించే అవకాశం ఉండొచ్చు అనే వాటి జాబితా) పెట్టిందని మీకూ కనబడే ఉంటుంది. అది ముఖ్యంగా ఫోన్‌ని తలకి ఆనించి మాట్లాడేవాళ్ల మీద జరిగిన అధ్యయనాలు చూసి చెప్పిన మాట, గర్భం గురించి కాదు.

తగ్గించుకోవాలనిపిస్తే రూటర్ జోలికి పోకుండా ఫోన్ సంగతి చూడండి. ఒంటికి ఆనుకుని ఉండేది అదే. సిగ్నల్ సరిగా లేనిచోట మరింత గట్టిగా పంపుతుంది కూడా. స్పీకర్‌లో పెట్టి కాస్త దూరంగా ఉంచితే చాలు. నేనైతే ఒళ్లో ల్యాప్‌టాప్ కూడా మానేశాను, రేడియేషన్‌కి భయపడి కాదు, తొడలు కాలుతున్నాయని.

ఇప్పుడు మా పాపకి నాలుగేళ్లు, చక్కగా ఉంది. ఒక్క పిల్ల బాగుంటే అది రుజువైపోదనుకోండి. నా నోట్‌బుక్ మూడు పేజీలు తిప్పి చూసిన డాక్టరమ్మ, "ఫోలిక్ యాసిడ్ రోజూ వేసుకుంటున్నావా?" అని అడిగింది. రీడింగుల గోలలో నాలుగు రోజులు మర్చిపోయాను. "జ్వరం వస్తే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యి" అని కూడా చెప్పింది.