టాటాలు కొన్నాక కూడా ఎయిర్ ఇండియా విమానాలు పాతవే ఎందుకు? అసలు ఇప్పుడు అది ఎవరిది?

ఎవరిదన్నది రెండు ముక్కల్లో తేలిపోతుంది. టాటా సన్స్‌కి 74.9 శాతం, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి 25.1 శాతం. ప్రభుత్వం 2022 జనవరి 27న అప్పగించింది. టాటాలు, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కలిసి నడిపిన విస్తారా 2024 నవంబర్ 12న ఇందులో కలవడంతో సింగపూర్ వాళ్లు వాటాదారులయ్యారు.

"పద్దెనిమిది వేల కోట్లకు పప్పుబెల్లాల్లా పంచిపెట్టారు" అనేవాళ్లు ఒకసారి లెక్క చూడాలి. ఆ 18,000 కోట్లలో ప్రభుత్వం చేతికొచ్చిన నగదు 2,700 కోట్లే. మిగతా 15,300 కోట్లు టాటాలు నెత్తికెత్తుకున్న అప్పు. 2021 ఆగస్టు చివరికి మొత్తం అప్పు 61,562 కోట్లుంటే, మిగిలిన 46,262 కోట్లను ఏఐఏహెచ్ఎల్ అనే ప్రభుత్వ కంపెనీకి బదలాయించారు. అంటే ఆ భారం మన పన్నుల మీదే. చిన్న ఊళ్లకు ఏటీఆర్ విమానాలు నడిపే అలయన్స్ ఎయిర్ కూడా ఆ కంపెనీ కిందే ఉండిపోయింది. ఆ చిన్న విమానం ఆలస్యమైతే టాటాలను తిట్టి లాభం లేదు.

ఇక పాత విమానాల సంగతి. ఏ రూటుకి ఏ విమానం సరిపోతుందో చూసుకోకుండా కొనడం, అవసరం వచ్చేసరికి అది చేతిలో లేకపోవడం: ఈ కంపెనీని ముంచింది ఇదేనని నా గట్టి నమ్మకం. బోయింగ్ వాళ్ల దూరప్రయాణ విమానం 777-200ఎల్ఆర్ కథ ఒక్కటి చాలు.

2005-06లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిపి 111 విమానాలకు ఆర్డరిచ్చాయి. అందులో ఎనిమిది ఈ రకం. ట్యాంకుల్లో సుమారు 1,81,000 లీటర్లు పడుతుంది, సీట్లు మాత్రం 238. ఇక్కణ్ణుంచి అమెరికాకు ఎక్కడా ఆగకుండా పోవడానికి సరిపోయే విమానం. 2007 ఆగస్టు 1న ముంబై–న్యూయార్క్ నాన్‌స్టాప్ దీనితోనే మొదలైంది. చిక్కేమిటంటే, 15-16 గంటల ప్రయాణంలో మొదటి గంటల్లో కాలే ఇంధనంలో చెప్పుకోదగ్గ భాగం, చివరి గంటలకు దాచిన ఇంధనాన్ని మోయడానికే పోతుంది. 2008లో ముడిచమురు పీపా 140 డాలర్లు దాటింది. 238 టికెట్ల మీద ఆ ఖర్చు రాబట్టడం కష్టం. పోనీ అని ఎనిమిది గంటల రూట్లో తిప్పితే, అంత దూరానికి కట్టిన బరువంతా ఊరికే మోసినట్టు.

చివరికి ఐదింటిని అబుదాబి విమాన సంస్థ ఎతిహాద్‌కి అమ్మేశారు. తక్కువ ధరకు ఇచ్చేశారని 2017లో కాగ్ తప్పుపట్టింది. మిగిలినవి మూడు. తీరా చమురు ధర దిగాక 2015 డిసెంబర్‌లో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కోకి పనికొచ్చింది ఈ రకమే. 2021 జనవరి 15న మొదలైన హైదరాబాద్–షికాగో కూడా దీనితోనే. మనవాళ్లు ఏళ్ల తరబడి అడిగిన ఆ సర్వీసు నిలవలేదు. నా లెక్కలో నిలిచే అవకాశమే లేదు: వెళ్లడానికి పదహారు గంటలు, రావడానికి దాదాపు అంతే, రెండు చివర్లా శుభ్రం చేసి ఇంధనం నింపే సమయం కలిపితే ఒక్క ట్రిప్పుకి ఒకటిన్నర రోజు. రోజూ నడపాలంటే కనీసం రెండు విమానాలు కావాలి. మూడింటిలో ఒకటి పెద్ద తనిఖీకి హ్యాంగర్లోకి పోతే మిగిలేది ఒక్క రూటే.

టాటాలు వచ్చాక 2022 చివర్లో చేసిన మొదటి పనుల్లో ఒకటేమిటో చూడండి. అమెరికా విమాన సంస్థ డెల్టా 2020లో వదిలేసిన 777-200ఎల్ఆర్‌లు ఐదింటిని లీజుకు తెచ్చారు! అమ్ముకున్నది ఐదు, కిరాయికి తెచ్చుకున్నది ఐదు, రకం అదే.

లీజు అంటే నెలనెలా అద్దె కట్టి ఊరుకోవడం కాదు. తిరిగి ఇచ్చేటప్పుడు ప్రతి ముఖ్యమైన పార్టుకీ పుట్టుపూర్వోత్తరాల కాగితం చూపాలి. ఇంజిన్లో తిరిగే డిస్కుకి ఇన్ని సైకిళ్లని (ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్) ఆయుష్షు ఉంటుంది. మొదటి రోజు నుంచీ రికార్డు లేకపోతే ఆ డిస్కు నిక్షేపంగా ఉన్నా తుక్కు కిందే లెక్క. స్పేర్లు కొనడానికి డబ్బులేక, నేల మీదున్న విమానంలోంచి పార్టు పీకి ఎగిరేదానికి బిగిస్తూ పోతే రెండు విమానాల కాగితాలూ చిక్కుపడతాయి. ఆగినదాన్ని మళ్లీ లేపడం అందుకే అంత కష్టం. 2022 సెప్టెంబర్‌లో కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం 70 చిన్న విమానాల్లో ఎగురుతున్నవి 54, 43 పెద్దవాటిలో 33.

470 విమానాల ఆర్డర్ ఏమైందంటారా? అది 2023 ఫిబ్రవరిది: ఎయిర్‌బస్ 250, బోయింగ్ 220. ఆర్డరంటే క్యూలో నిలబడటమే. తొలి ఆరు ఎయిర్‌బస్ ఏ350-900లు త్వరగా దొరికింది కూడా, అవి రష్యా ఏరోఫ్లోట్ కోసం కట్టినవి కాబట్టి. పాతవాటి సీట్లు మార్చడానికి 40 కోట్ల డాలర్లు పెడతామని 2022లోనే ప్రకటించారు. అయినా ఆ పనికి మొదటి బోయింగ్ 787 అమెరికాలోని విక్టర్‌విల్‌కి వెళ్లింది 2025 జులైలో. బిజినెస్ క్లాస్ సీటుకి క్రాష్ టెస్టు, అనుమతి అన్నీ కావాలి, తయారీదారులు చేతినిండా పనితో ఉన్నారు. పైగా విమానాల కొరత ఉన్నప్పుడు ఒకదాన్ని వారాల తరబడి ఆపితే దాని రూటు ఎవరు నడపాలి?

అమ్మానాన్నలకు టికెట్ కొనేటప్పుడు సీట్ మ్యాప్ తెరవండి. 787లో బిజినెస్ వరస 2-2-2గా ఉండి ప్రీమియం ఎకానమీ లేకపోతే అది మార్చని పాత 787-8. 1-2-1 ఉంటే విస్తారా నుంచి వచ్చినదో, కొత్తదో, మార్చినదో. ప్రయాణం రోజు విమానం రిజిస్ట్రేషన్ నంబరు కూడా చూడొచ్చు: వీటీ-ఏఎన్‌తో మొదలైతే తొలినాటి 787-8, వీటీ-జేఆర్ అయితే ఏ350. చివరి నిమిషంలో విమానం మారుస్తుంటారు కాబట్టి బయల్దేరే ముందు రోజు సీట్ మ్యాప్ మరోసారి చూసుకోండి.