స్టూడియో పాట ఉండగా లైవ్ ఆల్బమ్ ఎందుకు వినాలి?

మీరు అడిగింది ఇదీ: డీప్ పర్పుల్, ఆల్మన్ బ్రదర్స్, ది హూ లాంటి రాక్ బ్యాండ్లు యాభై ఏళ్ల కిందట చేసిన లైవ్ ఆల్బమ్‌లను, అంటే జనం ముందు వాయిస్తుండగా రికార్డు చేసినవాటిని, జనం ఇంకా ఎందుకు వింటున్నారు? అవే పాటలు స్టూడియోలో శుభ్రంగా రికార్డు చేసినవి ఉన్నాయి కదా, ఈలల మధ్య, కేకల మధ్య వినడంలో ఏముంది?

చాలామంది చెప్పే జవాబు, "మనం కూడా అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది" అని. నాకు ఆ జవాబు మీద పెద్దగా నమ్మకం లేదు. నిజంగా అక్కడ ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బ్యాండ్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు హైదరాబాద్ నుంచి బస్సెక్కి వెళ్లాను. గొప్ప రాత్రి, కాదనను. కానీ గుర్తున్నది ఎక్కువగా పక్కవాళ్ల మోచేతులు, దుమ్ము, నా ముందు నిలబడ్డ ఆరడుగుల మనిషి వీపు. గాలి ఎటు తిరిగితే గిటార్ కూడా అటే కొట్టుకుపోయేది. రెండో పాటలో ఏ సోలో (ఒక్కరే ముందుకొచ్చి వాయించే ముక్క) ఎవరు వాయించారని అడిగితే చెప్పలేను. లైవ్ ఆల్బమ్ ఇచ్చేది ఆ అనుభవాన్ని కాదు. అది ఇచ్చేది ఇంకొకటి, మైదానంలో నిలబడ్డవాడికి కూడా సరిగ్గా దొరకనిది.

నా లెక్కలో సంగతి ఇదీ. స్టూడియో పాట మన దగ్గరికి వచ్చేసరికి దాని మీద నిర్ణయాలన్నీ అయిపోయి ఉంటాయి. సోలో ఎంతసేపు, ఎక్కడ ఆపాలి, పదిసార్లు వాయించినదాంట్లో ఏ టేక్ ఉంచాలి, అన్నీ తేలిపోయాక దాన్ని వింటాం. మంచి లైవ్ ఆల్బమ్‌లో ఆ నిర్ణయాలు మనం వింటుండగానే జరుగుతుంటాయి. ఆర్గన్ వాయించేవాడు ఒక మలుపు తిప్పుతాడు, డ్రమ్మర్ అది పసిగట్టడానికి అరక్షణం పడుతుంది, ఆ అరక్షణం టేపు మీద ఉండిపోతుంది. వాళ్లు ఒకరినొకరు వింటుంటే మనం వాళ్లను వింటాం. నాకు ఆ మజా ఎన్నిసార్లు విన్నా తగ్గలేదు.

డీప్ పర్పుల్ లైవ్ ఆల్బమ్ మేడ్ ఇన్ జపాన్ సంగతే తీసుకోండి. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యో బుడోకాన్‌లో డీప్ పర్పుల్ కచేరీలు చేసింది. వాటిని రికార్డు చేయాలన్న ఆలోచన బ్యాండ్‌ది కాదు, జపాన్‌లో వాళ్ల రికార్డులు వేసే కంపెనీది. వీళ్లకు పెద్దగా ఇష్టం లేదు. మా ఇంజనీరే రావాలి, మేం ఒప్పుకుంటేనే విడుదల చేయాలి అని షరతులు పెట్టి సరేనన్నారు. అలా మార్టిన్ బర్చ్ వెళ్లి ఎనిమిది ట్రాకుల టేపు మీద మూడు రాత్రులూ పట్టుకొచ్చాడు. తర్వాత మిక్సింగ్‌కు వచ్చి కూర్చుంది ఐదుగురిలో బాసిస్ట్ రోజర్ గ్లోవర్, డ్రమ్మర్ ఇయాన్ పైస్ మాత్రమే. ఇంత నిర్లక్ష్యంగా తయారైన ఆల్బమ్ వాళ్ల అన్ని ఆల్బమ్‌లలోకీ గట్టిగా నిలబడటం నాకు ఇప్పటికీ తమాషాగానే ఉంటుంది. బహుశా ఆ నిర్లక్ష్యమే కలిసొచ్చిందేమో! రేపు అమ్ముకోవాలన్న టెన్షన్ లేకుండా వాయించారు.

నేను దీన్ని మొదట విన్నది విశాఖపట్నంలో, కాలేజీ హాస్టల్లో. ఓడరేవు ఊరు కాబట్టి మాకు ఒక సౌకర్యం ఉండేది: ఎవరో ఒకరి అన్నయ్యో బాబాయో షిప్పులో పనిచేసేవాడు, వస్తూ వస్తూ క్యాసెట్లు తెచ్చేవాడు. మా సీనియర్ ఒకాయన దగ్గర ఒరిజినల్ ఉంటే బతిమాలి కాపీ చేయించుకున్నాను. ఆల్బమ్ 76 నిమిషాలు, నా దగ్గరున్నది 60 నిమిషాల ఖాళీ క్యాసెట్. ఆయన ఏమాత్రం మొహమాటపడకుండా డ్రమ్ సోలో ఉన్న ది మ్యూల్‌ని పూర్తిగా ఎత్తేశాడు. చివరి పాట స్పేస్ ట్రకిన్ దాదాపు ఇరవై నిమిషాలు, అది సగంలో ఉండగా టేపు అయిపోయి టక్కుమని ఆగేది. పాడే భాగం అయిపోయి, ఆర్గన్ విజృంభిస్తున్న చోట. మిగతా సగంలో ఏం జరుగుతుందో తెలియకుండానే చదువు ముగించాను. ఉద్యోగం వచ్చాక సీడీ కొని విన్నాను. ఆ రెండో సగంలో గోల అంతా అణిగిపోయి గిటార్ ఒంటరిగా గొణుక్కుంటున్నట్టు సాగే చోటు ఒకటుంది, మళ్లీ అక్కణ్ణుంచి అంతా మన మీద పడిపోయినట్టు లేస్తుంది. ఆ చోటు కోసం ఇప్పటికీ పెడతాను. అదే పాట 1972 మార్చిలో వచ్చిన మెషిన్ హెడ్ ఆల్బమ్‌లో నాలుగున్నర నిమిషాలు. ఆగస్టుకల్లా ఇరవై అయింది. అంటే పాట విడుదలైనా ఇంకా పెరుగుతూనే ఉంది.

హెడ్‌ఫోన్స్ ఉంటే అదే ఆల్బమ్‌లో స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్ వినండి. ఆర్గన్ ఒక చెవిలో, గిటార్ ఇంకో చెవిలో. మధ్యలో పాట పక్కకు పోయి రిచీ బ్లాక్‌మోర్ గిటార్ మీద ఒక ముక్క వేస్తాడు, గాయకుడు ఇయాన్ గిల్లన్ దాన్ని గొంతుతో తిప్పి ఇస్తాడు. ఇంకో ముక్క, ఇంకొంచెం పైన. మళ్లీ ఇస్తాడు. మన కర్ణాటక కచేరీలో గాయకుడు వేసిన స్వరానికి వయొలిన్ బదులు చెప్పడం మనకు అలవాటే, ఇక్కడ తిరగేసి వాయిద్యం అడుగుతుంటే గొంతు జవాబు చెబుతుంది. పైపైకి పోయి పోయి చివరికి గిల్లన్ పెట్టే కేక స్టూడియో పాటలో లేదు. ఉండటానికి వీల్లేదు కూడా, ఎందుకంటే ఆ కేకకు కారణమైన గిటార్ ముక్క ఆ రాత్రి పుట్టింది. మూడు రాత్రుల రికార్డింగులూ తర్వాతి కాలంలో బయటికొచ్చాయి. ఒకే పాటను వరుసగా పెట్టుకుని వింటే ఏది ముందే అనుకున్నదో, ఏది అప్పటికప్పుడు తట్టిందో తెలిసిపోతుంది.

మనకు ఇది మరీ కొత్త కాకూడదు నిజానికి. రాగం ఎంతసేపు సాగుతుందో ముందే తెలియని సంగీతం మన ఇళ్లల్లో రేడియోలోనే వచ్చేది. న్యూయార్క్ వాళ్లకే అది కొత్త. 1971 ఆగస్టు 1న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం బీటిల్స్‌లో వాయించిన జార్జ్ హారిసన్, మన రవిశంకర్ కలిసి పెట్టిన కచేరీ ఆల్బమ్‌గా వచ్చింది. అందులో మొదట సితార్, సరోద్ శ్రుతి చేసుకుంటారు. అది అయిపోగానే జనం చప్పట్లు కొట్టేస్తారు! శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే వాయించడం ఇంకా నచ్చుతుందని రవిశంకర్ చమత్కరిస్తారు. రికార్డు మీద ఇది కూడా ఉంది. మా నాన్నగారికి రాక్ అంటే గిట్టదు కానీ ఈ ముక్క వినిపిస్తే పడీపడీ నవ్వారు.

ఇక ఆల్మన్ బ్రదర్స్ ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్. నన్ను ఒక్కటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను. 1971 మార్చి 12, 13 తేదీల్లో న్యూయార్క్‌లో ఫిల్‌మోర్ ఈస్ట్ అనే హాల్లో రికార్డు చేశారు, జులైలో విడుదలైంది. అప్పటికే ఆ హాలు జూన్‌లో మూతపడింది. అక్టోబరు 29న గిటారిస్ట్ డ్యూయేన్ ఆల్మన్ మోటార్ సైకిల్ ప్రమాదంలో పోయాడు, వయసు 24. ఇవన్నీ తెలిసి వింటే ఎవరికైనా మనసు కదులుతుంది, కానీ తెలియకపోయినా ఆ సంగీతం నిలబడుతుంది. ఇద్దరు డ్రమ్మర్లు, ఇద్దరు గిటారిస్టులు, అయినా ఒకరి కాళ్ల మీద ఒకరు పడరు. ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్ మొదలవుతుంటే డికీ బెట్స్ గిటార్ వాల్యూమ్ మెల్లగా పైకి లేపుతూ ఒక్కో స్వరాన్ని వయొలిన్ మీద తీసినట్టు తీస్తాడు. మాటలు లేని పాట, పదమూడు నిమిషాలు. డ్యూయేన్ వంతు వచ్చాక మధ్యలో ఒకసారి అంతా తగ్గించేసి మళ్లీ మొదట్నుంచి మెట్లు కడతాడు. వెనక మిగతా ఐదుగురూ ఒక్కమాట అనుకోకుండా తగ్గుతారు. ఎలా తెలిసింది వాళ్లకు? ఒకరినొకరు వినడమంటే అదే, నేను పైన చెప్పింది.

చివరి పాట విపింగ్ పోస్ట్‌కు ముందు జనంలోంచి ఎవడో ఆ పాట పేరే గట్టిగా అరుస్తాడు. నువ్వే కనిపెట్టేశావ్ అన్నట్టు డ్యూయేన్ బదులిస్తాడు. తర్వాత 23 నిమిషాలు. అది ముగిసినట్టే ముగిసి, డ్రమ్స్ కింద ఉరుముతుండగా ఇంకో రాగం మొదలవుతుంది, మొదలవుతుండగానే శబ్దం మెల్లగా తగ్గిపోయి ఆల్బమ్ అయిపోతుంది. 1971లో కొన్నవాళ్లకు అంతవరకే దొరికింది. ఆ మొదలైనది మౌంటెన్ జామ్, మరుసటి ఏడాది ఈట్ ఎ పీచ్ ఆల్బమ్‌లో వచ్చింది.

మరి ఇవన్నీ నూటికి నూరుపాళ్లు "లైవేనా" అని ఎవరైనా అడుగుతారు. కాదు. ఫిల్‌మోర్ ఈస్ట్‌లో స్టార్మీ మండే పాటలోంచి ఒక హార్మోనికా సోలోను నిర్మాత టామ్ డౌడ్ కత్తిరించేశాడు, 1990ల్లో గానీ అది తిరిగి రాలేదు. థిన్ లిజీ వాళ్ల 1978 నాటి లైవ్ అండ్ డేంజరస్ మీద దశాబ్దాలుగా తగవు: అందులో ముప్పావు వంతు స్టూడియోలో మళ్లీ చేసిందేనని నిర్మాత టోనీ విస్కాంటి అంటాడు, బ్యాండ్ వైపు వాళ్లు ఒప్పుకోరు. కిస్ వాళ్ల అలైవ్ కూడా బాగా దిద్దిన సరుకే. కత్తిరించడం నాకు అభ్యంతరం కాదు, అతుకు వేయడమే కొంచెం ఇబ్బంది. అలాగని థిన్ లిజీ ఆల్బమ్‌ను మానేశానా అంటే లేదు. ఫ్రాంప్టన్ కమ్స్ అలైవ్ మాత్రం నా వల్ల కాదు. 1976లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ అది, నోట్లో గొట్టం పెట్టుకుని గిటార్ చేత మాట్లాడించే ఆ విద్య రెండోసారికే విసుగు. అభిమానులు తిట్టుకోవచ్చు.

దిద్దకుండా వదిలేయడంలో ది హూ వాళ్లది ప్రత్యేకం. లైవ్ ఎట్ లీడ్స్ 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీ భోజనశాలలో చేసిన రికార్డింగ్. టేపులో చిటపట శబ్దాలు పడ్డాయి. అవి ఫర్వాలేదు, సరిచేయొద్దు అని రికార్డు లేబుల్ మీదే రాసేశారు. అట్ట కూడా దొంగ రికార్డుల అట్టలా గోధుమరంగు కాగితం, దాని మీద స్టాంపు వేసినట్టు పేరు. మర్నాడు హల్ ఊళ్లో వాయించింది ఇంకా బాగుందని కొందరి వాదన, కానీ అక్కడ మొదటి కొన్ని పాటల్లో బాస్ గిటార్ టేపుకు ఎక్కలేదు. చివరికి 2010లో హల్ కచేరీని విడుదల చేసినప్పుడు, ముందురోజు లీడ్స్‌లో జాన్ ఎంట్‌విసిల్ వాయించిన బాస్‌ను తెచ్చి ఆ పాటల కింద పెట్టారు. అతికిందంటే అతికింది మరి! రెండు రాత్రులూ ఎంత బిగువుగా వాయించారో దాన్నిబట్టే అర్థమవుతుంది. గాయకుడు పోగా వాయించేది ముగ్గురే, వాళ్ల వాయిద్యాల మధ్య ఖాళీలు ఎక్కువ, ఆ ఖాళీల్లోనే అసలు పని జరుగుతుంది. యంగ్ మ్యాన్ బ్లూస్‌లో వాళ్లు హఠాత్తుగా ఆగిపోయే చోట్లు వినండి, మళ్లీ అందరూ ఒకేసారి దిగుతారు.

ఇప్పుడు ఎందుకు అలాంటివి తక్కువ వస్తున్నాయంటే, పెద్ద కచేరీల్లో లైట్లు, వెనక వీడియో, పాట అన్నీ ఒకే గడియారానికి కట్టేసి ఉంటాయి. డ్రమ్మర్ చెవిలో టిక్ టిక్ మోగుతుంటుంది. పాటను ఇంకో ఐదు నిమిషాలు లాగుదాం అని ఎవరికైనా తట్టినా లాగే వీలు తక్కువ. పైగా ఏ కచేరీ అయినా ఇంటికెళ్లేలోపు యూట్యూబ్‌లో ఉంటుంది, మూడు రాత్రుల్లోంచి ఏరి నాలుగు ఎల్పీ పక్కలకు సరిపోయేలా కూర్చే ఓపిక ఎవరికుంది? 1993 నవంబరులో నిర్వాణా చేసిన ఎంటీవీ అన్‌ప్లగ్డ్ నా దృష్టిలో ఈ వరుసలో చివరి పెద్ద ఆల్బమ్. దాని గురించి ఇంకోసారి ఎవరైనా అడిగితే రాస్తాను.

మీరు మొదలుపెట్టదలిస్తే, ముందు మెషిన్ హెడ్‌లోని హైవే స్టార్ ఒకసారి, వెంటనే మేడ్ ఇన్ జపాన్‌లోది ఒకసారి వినండి. తేడా తెలియకపోతే ఈ దారి మీకు పడదు, వదిలేయొచ్చు. తెలిస్తే మిగతాది వరసగా వినండి, షఫుల్ ఆపేసి. ది మ్యూల్ దగ్గర ముందుకు జరిపేయండి, మా సీనియర్ తీర్పుతో నాకు పేచీ లేదు. తర్వాత ఫిల్‌మోర్ ఈస్ట్. విపింగ్ పోస్ట్ అలా తగ్గిపోయి ఆగగానే ఈట్ ఎ పీచ్‌లోంచి మౌంటెన్ జామ్ పెట్టండి. 33 నిమిషాలు ఉంటుంది కాబట్టి ఆదివారం పెట్టుకోండి, ఆఫీసు కాల్స్ రాని రోజు.